బస్తీ బడిలో తరగతికో టీచరు

తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,



ఈ ఉత్తరం మీకే రాయడానికి రెండు కారణాలున్నాయి. విద్యాశాఖను వేరే మంత్రికి అప్పగించకుండా మీ దగ్గరే ఉంచుకున్నారు కాబట్టి, అడిగితే మిమ్మల్నే అడగాలి. రెండోది, 2019 నుంచి 2023 చివరి దాకా మీరు మల్కాజిగిరి పార్లమెంటు సభ్యులు. మా ఎల్బీనగర్ ఆ నియోజకవర్గంలోదే. ఈ రోడ్లనూ ఈ బస్తీలనూ మీకు పటం పెట్టి చూపించాల్సిన పని లేదు. 2024 మార్చిలో బైరామల్‌గూడ ఫ్లైఓవర్ ప్రారంభానికి వచ్చింది కూడా మీరే. అలాంటి ఫ్లైఓవర్లకూ, వాటి చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లకూ ఇసుక, కంకర మోసినవాళ్ళ పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నేను రంగారెడ్డి జిల్లాలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ)గా పనిచేసి రిటైరయ్యాను. కాపురం కొత్తపేటలో. ఏ సంఘం తరఫునా రాయడం లేదు, ఏ పార్టీ తరఫునా కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే కంటికి మొదట తగిలేది చదువే. ఐఐటీ, నీట్, గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు: ఫ్లెక్సీ లేని స్తంభం ఉండదు. గడ్డిఅన్నారం నుంచి చైతన్యపురి దాకా సందుసందునా హాస్టళ్ళు, మెస్సులు, స్టడీ హాళ్ళు. నల్లగొండ నుంచీ ఖమ్మం నుంచీ పాలమూరు నుంచీ పిల్లలు పెట్టె సర్దుకుని ఇక్కడికే వస్తారు. రాష్ట్రంలో చదువు టోకున అమ్ముడుపోయే చోట్లలో మాది ఒకటి. ఆ జిల్లాల పల్లెల నుంచే మరికొందరు కూడా వస్తారు. వాళ్ళు చదువుకోవడానికి రారు. అపార్ట్‌మెంట్ల సెల్లార్లో ఒక గది ఇస్తే వాచ్‌మన్‌గా ఉండడానికి వస్తారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి కూలికి పోతారు. ఇళ్ళలో పాచిపని చేస్తారు, తోపుడుబండి పెడతారు. కొత్తపేట పండ్ల మార్కెట్ ఉన్నంతకాలం అందులో హమాలీలుగా బతికారు; 2021లో మార్కెట్టును బాటసింగారానికి తరలించాక కొందరు దానివెంట పోయారు, కొందరు ఇక్కడే వేరే పని వెతుక్కున్నారు. దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడా కుటుంబాలు సైదాబాద్ పక్కన సింగరేణి కాలనీ గుడిసెల్లో ఎన్నేళ్ళుగానో ఉన్నాయి.

ఒకే అపార్ట్‌మెంటు ముందు పొద్దున ఎనిమిదింటికి ఇద్దరు పిల్లలు నిలబడతారు. మూడో అంతస్తు పిల్లాడు స్కూలు వ్యాను ఎక్కుతాడు. సెల్లారు పిల్ల వాడి బ్యాగు అందించి, తర్వాత తను నడిచిపోతుంది. ఎక్కడికి నడుస్తుంది, అక్కడ ఆమె కోసం ఎవరున్నారు అన్నదే నా ప్రశ్న.

మీ ప్రభుత్వం చేసిన మంచిని ముందు చెప్పాలి. 2017 తర్వాత మళ్ళీ పెద్ద ఎత్తున టీచర్ల నియామకం జరిగింది మీ హయాంలోనే. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టారు. జులైలో పరీక్ష, సెప్టెంబరు ఆఖరుకు ఫలితాలు, అక్టోబరులో ఎల్బీ స్టేడియంలో పది వేల మందికి పైగా నియామక పత్రాలు. ఆ వేగం మా సర్వీసులో మేము చూసింది కాదు. బడుల్లో మరుగుదొడ్లు కడిగే మనిషిని పెట్టుకోవడానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇవ్వడం మొదలుపెట్టారు. కరోనా నాడు స్కావెంజర్లను తీసేశాక ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా కూర్చున్న రోజులు తెలిసినదాన్ని కాబట్టి, ఇది చిన్న సంగతి అనను. బడులకు ఉచిత కరెంటు ఇచ్చారు. ఇవన్నీ నిజం.

కానీ డీఎస్సీ ఖాళీలను నింపుతుంది. పోస్టే లేని చోట ఖాళీ ఎక్కడిది? అసలు చిక్కు అక్కడుంది. అది ప్రాథమిక బడి చిక్కు.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. ఐదో టీచరు కావాలంటే పిల్లలు 120 దాటాలి. చట్టం రాసినవాళ్ళు పిల్లలను లెక్కపెట్టారు, తరగతులను లెక్కపెట్టలేదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. ఐదు తరగతులు, 18 సబ్జెక్టులు, ఇద్దరు టీచర్లు. ఒక గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి కూర్చోబెడతాం. ఒకటో తరగతి పిల్లకు అక్షరం దిద్దిస్తుంటే మూడో తరగతి పిల్లాడు గోడకేసి చూస్తుంటాడు. ఇంకో టీచరు కాంప్లెక్స్ మీటింగుకు పోయినా, ట్రైనింగుకు పోయినా, బీఎల్‌ఓ డ్యూటీలో ఓటరు లిస్టు పట్టుకుని తిరుగుతున్నా ఆ రోజు బడి అంటే పిల్లలకు కాపలా మాత్రమే.

2022-23 నుంచి అన్ని ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. నేను దానికి వ్యతిరేకిని కాను. తల్లిదండ్రులు అడిగిందే అది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు అచ్చు వేశారు, మంచి ఆలోచన. కానీ ఎల్బీనగర్ బడిలో కూర్చున్న పిల్లల ఇళ్ళలో లంబాడీ ఉంది, ఉర్దూ ఉంది, తాపీ పనికి వచ్చిన కుటుంబాలతో ఒడియా, హిందీ కూడా వచ్చాయి. వాళ్ళకు ఎడమ పేజీ కూడా పరాయిదే. ఆ పిల్ల పక్కన కూర్చుని, ఆమె మాటను పట్టుకుని మన మాటలోకి తేవాలి. అది మెల్లగా జరిగే పని. మూడు తరగతుల మధ్య నిలబడ్డ టీచరుకు అందుకు టైమెక్కడిది?

ఇప్పుడు రోడ్డుకు అవతల వైపు చూడండి. రెండంతస్తుల ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు స్కూలు. ఆట స్థలం లేదు. టీచరు డిగ్రీ చదువుతూ పనిచేస్తున్న అమ్మాయి కావచ్చు, జీతం నా పెన్షన్లో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. డీఈడీ, టెట్, డీఎస్సీ దాటి వచ్చిన మా ఎస్‌జీటీతో ఆమెకు పోలికే లేదు. అయినా నాలుగిళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికి ఫీజు కట్టే తల్లి అక్కడికే పంపుతుంది. పిల్లలను బడిలో చేర్పించే బడిబాటలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఒకామె నాతో సూటిగా అన్నది: "మీ బడిల సార్లు చదువుకున్నోళ్ళే, నేను కాదంటలేను టీచరమ్మా. మా పోరి క్లాసుల మాత్రం ఎవరుంటరో చెప్పు?" జవాబు నా దగ్గర లేదు. పుస్తకాలు ఫ్రీ అన్నాను, రెండు జతల బట్టలు ఇస్తారన్నాను, గుడ్డు పెడతారన్నాను. ఆమె అడిగింది అది కాదు.

ఆ తల్లికి ఇంగ్లిష్ మీద మోజు అనీ, ప్రైవేటు పిచ్చి అనీ మా స్టాఫ్‌రూముల్లోనూ పై ఆఫీసుల్లోనూ అనుకుంటారు. నాకలా అనిపించదు. ఆమె లెక్క ఆమెకుంది. తరగతికి ఒక మనిషి ఉన్నారా లేదా అని చూస్తుంది. ఆ ఒక్క లెక్కలో మేము ఓడిపోతున్నాం. రాష్ట్రంలో బడికి పోయే పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటులో ఉండడానికి కారణాలు వంద చెప్పవచ్చు. ప్రాథమిక స్థాయిలో మాత్రం ఇదే అన్నిటికన్నా పెద్దది.

దీని వెనకే మరొకటి. ప్రభుత్వ బడి తలుపు ఐదేళ్ళు నిండాక, ఒకటో తరగతికి తెరుచుకుంటుంది. ప్రైవేటు బడి మూడేళ్ళకే నర్సరీ, తర్వాత ఎల్‌కేజీ, యూకేజీ అని పిల్లను తీసుకుంటుంది. తల్లి ఏడింటికి పనికి పోవాలి. మూడేళ్ళ పిల్లను ఎక్కడ వదలాలి? అంగన్‌వాడీ ఉంది, కానీ బస్తీలో అది తరచూ ఇరుకు అద్దె గది, మధ్యాహ్నానికల్లా పిల్లలను ఇంటికి పంపేస్తారు. ఒకసారి టై కట్టుకుని యూకేజీ దాకా పోయిన పిల్లను ఒకటో తరగతిలో మా బడికి మార్చమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? మేము బడిబాట అని జూన్‌లో తిరిగేసరికి పోటీ రెండేళ్ళ కిందటే అయిపోయి ఉంటుంది. 2025-26లో కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతి మొదలుపెట్టించారు. దారి సరైనదే. రాష్ట్రంలో పాతిక వేలకు పైగా ప్రభుత్వ బడులున్నాయి, మరి అందులో ఇవి ఎంత? పైగా ఆ తరగతికి వేరే టీచరును ఇవ్వకపోతే, ఉన్న ఇద్దరి నెత్తిన ఇంకో తరగతి పడినట్టే.

పిల్లలే లేని బడికి ఐదుగురు టీచర్లెందుకు, అని ఆర్థికశాఖ అడుగుతుంది. నాకు తెలుసు, మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అదే మాట ఎన్నోసార్లు విన్నాను. రాష్ట్రం మొత్తం సగటు తీస్తే టీచర్లు సరిపడా, ఇంకా ఎక్కువే ఉన్నట్టు కనిపిస్తారు. పదిమంది పిల్లలున్న పల్లె బడిని, గదిలో కాలు పెట్టడానికి చోటు లేని బస్తీ బడిని కలిపి తీసిన సగటు అది. దాంతో రెండింటికీ న్యాయం జరగదు. పిల్లలు వచ్చాక టీచర్లను ఇస్తామంటారు మీరు. టీచర్లున్నప్పుడు పిల్లలను పంపుతామంటుంది తల్లి. ఇద్దరిలో ఎవరు ముందు అడుగు వేయాలి? ఆమెకు జీవితంలో ఒక్కసారే పిల్ల ఒకటో తరగతిలో ఉంటుంది.

2024 నవంబరు మీకు గుర్తుండాలి. సమగ్ర ఇంటింటి సర్వేకు మీ ప్రభుత్వం ఎంచుకున్నది ప్రాథమిక టీచర్లనే. ముప్పై ఆరు వేలకు పైగా ఎస్‌జీటీలను, మూడు వేలకు పైగా ప్రాథమిక హెచ్‌ఎంలను పంపారు. నవంబరు 6 నుంచి దాదాపు మూడు వారాలు ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. సర్వే అవసరమే, కులాల లెక్క తేలాల్సిందే. వెనకబడినవాళ్ళకు వాటా ఇవ్వాలంటే లెక్క కావాలి, ఒప్పుకుంటాను. కానీ విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచరును బడి బయటి పనులకు పంపడానికి మూడింటికే ఒప్పుకుంది: పదేళ్ళకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. మీ సర్వే ఆ మూడింటిలో లేదు. ఎవరి మేలు కోసం లెక్క తీశామన్నామో ఆ ఇళ్ళ పిల్లలే ఆ మూడు వారాలు మధ్యాహ్నం రోడ్డు మీద ఉన్నారు. ప్రైవేటు బడులు సాయంత్రం దాకా నడిచాయి. తల్లులు ఇది కూడా చూశారు.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన గందరగోళం ఒకటుంది. అది పాలనకు సంబంధించినది. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలను మిగతా పదింటితో పాటు హైదరాబాద్ నగరంలో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. రోడ్లు, చెత్త, ఇంటిపన్ను అన్నీ నగరానివయ్యాయి. బడులు మాత్రం జిల్లా పరిషత్, మండల పరిషత్ బడులుగానే ఉండిపోయాయి. సరూర్‌నగర్‌లో, హయత్‌నగర్‌లో ఉన్నత పాఠశాల బోర్డు మీద నేటికీ జిల్లా పరిషత్ పేరే. మండలానికి పరిషత్తు ఉందా? లేదు. మేము ఓటు వేసి గెలిపించుకున్న జెడ్పీటీసీ ఉన్నాడా? లేడు. కార్పొరేటర్‌ను బడి గోడ గురించి అడిగితే అది విద్యాశాఖది అనేవాడు. విద్యాశాఖను డ్రైనేజీ గురించి అడిగితే నగర పాలక సంస్థను అడగమంటుంది. మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ దాటి సరూర్‌నగర్‌లో కాలు పెడితే రంగారెడ్డి జిల్లా. ఆ జిల్లా కలెక్టరేటేమో కొంగరకలాన్‌లో. నాగోలు దాటి ఉప్పల్ వైపు పోతే మేడ్చల్-మల్కాజిగిరి. అద్దె పెరిగిందని కుటుంబం నాలుగు వీధులు అవతలికి మారితే పిల్ల జిల్లా మారిపోతుంది. టీచర్ల సర్దుబాటు జిల్లా లోపలే జరుగుతుంది కాబట్టి గీతకు ఇవతల పిల్లలు, అవతల టీచర్లు ఉన్నా ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక దూరం. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని నియమం. పల్లెలో కిలోమీటరంటే చేల గట్టు. ఎల్బీనగర్ దగ్గర కిలోమీటరంటే విజయవాడ హైవే. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక బండ్లు ఆగకుండా పోతున్నాయి. మరి కాలినడకన దాటాల్సిన ఏడేళ్ళ పిల్ల? ప్రైవేటు వ్యాను ఇంటి ముందుకు వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లకు వ్యాను లేదు, తోడు వచ్చే పెద్దలు ఆ సమయానికి పనిలో ఉంటారు. కొందరు తల్లులు బడి మాన్పించింది ఈ రోడ్డు భయానికే. నియమం ప్రకారం వాళ్ళకు బడి అందుబాటులోనే ఉంది.

మూసీ సంగతి కూడా ఎత్తాలి. 2024 సెప్టెంబరు చివర్లో నది ఒడ్డున కూల్చబోయే ఇళ్ళ గోడల మీద గుర్తుగా ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. శంకర్‌నగర్, మూసానగర్ కుటుంబాలను మలక్‌పేట వైపు డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. మా చైతన్యపురి, కొత్తపేట వైపు జనం నిరసనకు దిగారు. నదిని బాగుచేయాలా వద్దా అన్న వాదన ఇక్కడ వద్దు. విద్యాసంవత్సరం నడి మధ్యలో ఇళ్ళు ఖాళీ చేయించేటప్పుడు, ఏ ఇంట్లో ఏ తరగతి పిల్లలున్నారు, కొత్త ఇంటికి దగ్గరి బడి ఏది, అక్కడ గదులున్నాయా, టీచరున్నారా అని చూసే మనిషి ఆ బృందంలో ఉండాలి కదా. రెవెన్యూ వాళ్ళున్నారు, పోలీసులున్నారు. బడి తరఫు మనిషి లేకపోతే ఆ పిల్లలు సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉండిపోతారు. సంక్రాంతి దాటితే ఆ ఏడాది పోయినట్టే. ఇకముందు ఎక్కడ తరలింపు జరిగినా ఎంఈవో సంతకం లేకుండా ఇల్లు కూల్చకూడదని ఒక్క నిబంధన పెట్టండి.

కాగితాల దగ్గర కూడా చట్టం ఒకటి చెబుతుంది, కంప్యూటర్ ఇంకోటి చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు అని చట్టంలో స్పష్టంగా ఉంది. హెచ్‌ఎం మంచిమనిషైతే పిల్లను కూర్చోబెట్టుకుంటుంది. తర్వాత చైల్డ్ ఇన్ఫో, యూడైస్ అనే ఆన్‌లైన్ రికార్డుల్లో ఎక్కించాలి. పాత ప్రైవేటు బడి ఫీజు బాకీ ఉందని పిల్ల పేరు వదలదు. అక్కడ వదిలితేనే ఇక్కడ ఎక్కుతుంది. ఆన్‌లైన్‌లో ఎక్కని పిల్ల తరగతిలో ఉంటుంది, లెక్కలో ఉండదు. లెక్కలో లేని పిల్ల పేరు మీద పుస్తకం రాదు, యూనిఫాం రాదు, టీచరు పోస్టు అసలే రాదు. ఫీజు బాకీ కోసం పిల్ల పేరును తాకట్టు పెట్టుకునే బడి నుంచి ఆ పేరును విడిపించే అధికారం ఎంఈవోకు ఇస్తే చాలు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

గురుకులాల మాట మీరు ఎత్తుతారని తెలుసు. 1971లో పీవీ నరసింహారావు గారి చొరవతో సర్వేల్‌లో మొదలైన ఆ దారి ఎందరో పేద పిల్లలను ఎక్కడికో తీసుకెళ్ళింది. నా దగ్గర చదివిన పిల్లలు గురుకులానికి ఎంపికైన రోజున బడిలో చాక్లెట్లు పంచుకున్నాం. మీరు యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలు తలపెట్టారు. ఒక్కొక్కటి సుమారు 200 కోట్లు, పాతిక ఎకరాలు, 2,560 మంది పిల్లలు. కట్టండి. కానీ గురుకులం ఐదో తరగతి నుంచి. అందులో చేరడానికి ప్రవేశ పరీక్ష. ఆ పరీక్ష రాసే పిల్ల అంతకుముందు నాలుగేళ్ళు ఎక్కడ చదవాలి? సింగరేణి కాలనీ పిల్ల ఇద్దరు టీచర్ల బడిలో చదివి, నెలకు వెయ్యి పెట్టి ట్యూషన్ చెప్పించుకున్న పిల్లతో పోటీ పడాలి. నాలుగో తరగతి దాకా ఎవరూ పట్టించుకోని పిల్లకు ఐదో తరగతిలో 200 కోట్ల భవనం చూపించి, రాయి, గెలిస్తే నీదే అనడం నాకు న్యాయంగా తోచదు. ఆడపిల్లను పదేళ్ళకే హాస్టలుకు పంపలేని ఇళ్ళూ ఉన్నాయి, తమ్ముణ్ణి చూసుకోవాల్సిన అక్కలూ ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది సాయంత్రం ఇంటికి నడిచి రాగల బడి.

ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ గారు 1910లో ఇసామియా బజార్‌లో దళిత పిల్లలకు బడి పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే అక్కడికి ఎంతో దూరం లేదు. ప్రభుత్వం అడిగి పెట్టించింది కాదు. పిల్లలు ఎక్కడ నివసిస్తే అక్కడికే బడిని తీసుకుపోయారు. అలా పెంచుకుంటూ పోయి 26 బడులు చేశారు, తర్వాత నిజాం ప్రభుత్వమే వాటిని తీసుకుంది. రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను వెతికి, బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో ప్రభుత్వ బడికే పంపింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అనుభవమంతా మన జిల్లాలోనే పుట్టింది, కొత్తగా విదేశాల నుంచి తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఇక బడి స్థలాల సంగతి. మెట్రోలో చైతన్యపురి దాటాక వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. రోజూ వేలమంది ఆ పేరు వింటారు. ఆ పేరు ఒక అనాథ పిల్లల బడిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నుంచి నడుస్తోంది. రాజులకు కట్టిన భవనం తల్లిదండ్రులు లేని పిల్లలకు దక్కింది. కొన్నేళ్ళ కిందట ఆ స్థలంలో కొంత పోలీసు కమిషనరేట్‌కు ఇవ్వాలని అప్పటి ప్రభుత్వం తలిస్తే పూర్వ విద్యార్థులు రోడ్డెక్కారు. గజం ధర లక్షల్లో పలికే చోట బడి భూమి మీద అందరి కన్నూ పడుతుంది. ఈ ప్రాంతంలో ప్రభుత్వ బడుల స్థలాలన్నింటినీ సర్వే చేయించి, హద్దురాళ్ళు పాతించి, వివరాలు జనానికి కనిపించేలా పెట్టండి. మరో పదేళ్ళకు గదులు కట్టాలంటే చోటుండాలి.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలన్న 12(1)(సి) నిబంధన 2010 నుంచి విద్యాహక్కు చట్టంలో ఉంది. 2012లోనే సుప్రీంకోర్టు సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ 2022-23లో మొదలుపెట్టింది. మన దగ్గర మాత్రం అది ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. చట్టం కాబట్టి పూర్తిగా అమలు చేయాల్సిందే. ఒక్క మాట మాత్రం: దాన్ని చూపించి మా బడులను వదిలేయకండి. ఆ 25 శాతంలో చోటు దొరికిన పిల్ల బాగుపడుతుంది, దొరకని పిల్ల మళ్ళీ ఆ ఇద్దరు టీచర్ల బడికే వస్తుంది.

మీ పిల్లలను ప్రభుత్వ బడికి పంపారా అని మమ్మల్ని నిలదీసేవాళ్ళున్నారు. మా టీచర్లలో చాలామంది పంపలేదు, ఆ నింద నిజమే. 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ అధికారుల, ప్రజాప్రతినిధుల పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదవాలని తీర్పు చెప్పింది. అమలు ఎలా జరిగిందో అందరికీ తెలిసిందే. నేను దాన్ని అడగడం లేదు. బలవంతంగా ఎవరి పిల్లలనూ తేనక్కరలేదు. తరగతికో టీచరు ఉన్న బడికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మొదట వాచ్‌మన్ పిల్ల వస్తుంది, తర్వాత ఆటోడ్రైవర్ పిల్లాడు, ఫీజులు పెరిగిన ఏడాది మూడో అంతస్తు పిల్లాడు కూడా.

డబ్బు సంగతికి వస్తే, 2023 ఎన్నికల మేనిఫెస్టోలో విద్యకు బడ్జెట్టులో 15 శాతం ఇస్తామన్నారు. 2025-26లో 3,04,965 కోట్ల బడ్జెట్టులో విద్యకు ఇచ్చింది 23,108 కోట్లు. ఏడున్నర శాతం చిల్లర. మిగిలిన సగం ఎప్పుడిస్తారని అడిగే హక్కు ఓటరుగా నాకుంది. అది మొత్తం వచ్చేదాకా ఆగమని కూడా అనను. సరూర్‌నగర్, హయత్‌నగర్ మండలాలు, వాటిని ఆనుకుని ఉన్న సైదాబాద్, మలక్‌పేట వైపు ప్రాథమిక బడులు: ముందు ఇంతవరకే తీసుకోండి. రెండు జిల్లాల గీత పక్కనబెట్టి వీటన్నింటికీ ఒకే ప్రణాళిక వేయించండి. పిల్లలు 20 మంది ఉన్నా 200 మంది ఉన్నా ప్రతి బడికీ ఐదుగురు ఎస్‌జీటీలు, పూర్వ ప్రాథమికానికి ఒక టీచరు, ఒక ఆయా. మూడేళ్ళు కదపకండి, సర్వేలకు పంపకండి, డిప్యుటేషన్ల మీద పట్టుకుపోకండి. మీరే నియమించిన విద్యాకమిషన్ ఉంది, దానికి ఛైర్మన్‌గా మీరు నియమించిన ఆకునూరి మురళి గారు బడుల గురించి తెలిసినవారు. మూడేళ్ళ తర్వాత పిల్లలు పెరిగారా, చదవడం వచ్చిందా అని వాళ్ళతోనే లెక్క తీయించండి. పెరగకపోతే టీచర్లను వెనక్కి తీసుకోండి, నేను మళ్ళీ ఉత్తరం రాయను.

బడులు ఏటా జూన్‌లో తెరుస్తారు. అంతకుముందే మా చిన్న టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఎండలో బస్తీల్లో తిరుగుతారు. ఉచిత పుస్తకాలు, బట్టలు, భోజనం అని ఆ కరపత్రంలో ప్రతి ఏడూ ఉంటుంది. వచ్చే ఏడాది దానిలో ఇంకొక్క వాక్యం అచ్చు వేయించగలరా: 'మా బడిలో ప్రతి తరగతికీ ఒక టీచరు ఉన్నారు.' ఆ వాక్యం రాయడానికి కావాల్సిన జీవో మీ సంతకం కోసమే ఆగి ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సెకండరీ గ్రేడ్ టీచరు,
కొత్తపేట, హైదరాబాద్